షికాగో ఎన్ని కోసులు?



హైదరాబాదు నుండి కర్నూలు మీదుగా బెంగుళూరు పోవు 44వ నంబరు జాతీయ రహదారికి కూతవేటు దూరములో, మా కొత్తకోటలో, మా ఇంటి కెదురుగా ఎనుబది ఏండ్లు దాటిన ఒక అవ్వ ఉన్నది. ఆమె మనుమరాలు షికాగో నగరములో చదువుకొని అక్కడనే ఉద్యోగములో కుదిరినది. సెలవులకు వచ్చిన ఆ పిల్ల తిరిగి ప్రయాణమైన నాటి సాయంకాలము, శంషాబాదు విమానాశ్రయము దాకా పోయి సాగనంపి వచ్చిన బంధువులందరును ఎవరి ఇండ్లకు వారు చేరుకొన్న తరువాత, అవ్వ మెల్లగా మా అరుగు మీదికి వచ్చి కూర్చొని, ముప్పది ఏండ్లు బడిలో భూగోళ పాఠములు చెప్పినవాడనన్న నమ్మకముతో నన్ను మూడు ప్రశ్నలు అడిగినది.

“సారూ, ఆ శికాగో మన ఊరికి ఎన్ని కోసులుంటది?” అన్నది మొదటిది. “ఎన్ని రాత్రులు పోవాలె?” అన్నది రెండవది. కొంతసేపు ఊరకుండి, ఆకాశము వైపు చూచి, “గిప్పుడు ఆడ పొద్దు యాడికొచ్చింటది?” అన్నది మూడవది.

వినుటకు ఈ మూడును ఒకే ప్రశ్న వలె ఉన్నవి. దూరమెంత అనియే గదా మూడింటి భావము? ఆనాడు నాకును మొదట అట్లే తోచినది. కాని జవాబు చెప్పబోయి ఆలోచించిన కొలదియు కోసులు వేరు, రాత్రులు వేరు, పొద్దు వేరు అని తెలియవచ్చినది. మొదటిదానిని భూమి నిర్ణయించినది. దానిని ఎవరును తగ్గింపజాలరు గాని, ఉన్న దారులలో దగ్గరి దారిని వెదకుకొనగలరు. రెండవదానిని మనుష్యుని బుద్ధి నూట ముప్పది ఏండ్ల లోపల ఎనుబదియేడింట ఒక వంతుకు తెచ్చినది. మూడవదానిని మాత్రము ఎంతటి విమానమును ఇసుమంతయు కదల్చలేకపోయినది. ఈ సంగతినే ఈనాడు మీతో కొంత వివరముగా చెప్పుకొనదలచినాను.

ముందుగా కోసుల మాట. మన తాతల నాడు మైలురాళ్ళు లేకపోయినను దూరము తెలియక ఎవరును దారి తప్పలేదు. పిలిచిన పిలుపు వినబడు దూరము కూతవేటు. కోసు అనగా సుమారు రెండు మైళ్ళు. నాలుగు కోసులైనచో ఆమడ. ఇవిగాక పూట ప్రయాణమనియు, జాము నడక అనియు, పొద్దుగూకేసరికి చేరు ఊరనియు చెప్పుకొనెడివారు. వారు దూరమును గొంతుతో కొలిచినారు, కాళ్ళతో కొలిచినారు, తలమీది సూర్యునితో కొలిచినారు. రహదారుల వెంట రాళ్ళు పాతిన తరువాతనే దూరము మనిషి నుండి విడివడి రాతి మీది అంకె అయినది.

మన పాలమూరు నేల మీద దూరమన్న మాటకు ఇంకొక అర్థము కూడ కలదు. వానలు తప్పిన ఏండ్లలో, చెరువులు నెర్రెలు విచ్చిన వేసవులలో, ముల్లెమూటలు సర్దుకొని, చంటిబిడ్డలను చంకనెత్తుకొని, కాస్త ఎదిగిన పిల్లలను ముసలివారి చేతులలో పెట్టి, గుంపు మేస్త్రీ వెంట దేశము నలుమూలల ఆనకట్టలకును, కాలువలకును, బొంబాయి, పుణె నగరముల మేడలకును రాళ్ళు మోయుటకు పోయిన పాలమూరు కూలీలు తాము పోవు చోటు ఎన్ని మైళ్ళో లెక్క పెట్టుకొనలేదు. అది ఆరు నెలల దూరము. కొందరికి తొమ్మిది నెలల దూరము. తిరిగి రాని కొందరి విషయములో అది కొలతకు అందని దూరము. మా అవ్వ కూడ పడుచుతనములో ఆ దారిన పోయి వచ్చిన మనిషియే. అందుచేత ఆమె ‘ఎన్ని కోసులు’ అని అడిగినప్పుడు అది ఏమియు ఎరుగని ముసలిదాని ప్రశ్న కాదనియు, దూరము రుచి ఎరిగినవారి ప్రశ్న అనియు నేను గ్రహించినాను.

శంషాబాదు విమానాశ్రయము నుండి షికాగో నగరపు ఓహేర్ విమానాశ్రయమునకు, భూమి ఉపరితలము మీద అతి దగ్గరి దారిని కొలిచినచో, సుమారు 13,280 కిలోమీటర్లు. మైళ్ళలో చెప్పినచో 8,250. కోసులలోనికి మార్చి, “నాలుగు వేల నూట పాతిక కోసులవ్వా, వేయి ఆమడలకు పైమాట” అని చెప్పినాను. అవ్వ నోట మాట రాలేదు. అప్పుడు ఆమెకు ధైర్యము కలుగుటకై ఇంకొక సంగతి చెప్పినాను: భూమి గుండ్రనిది గనుక, ఈ భూమి మీద ఏ రెండు చోట్ల నడుమనైనను సుమారు ఇరువది వేల కిలోమీటర్లకు మించిన దూరము ఉండజాలదు, అంతకు మించి పోయినామనగా మరల దగ్గరకు వచ్చుచున్నామనియే అర్థము. మనుష్యుడు మనుష్యునికి ఎంత దూరము కాగలడో దానికి ఒక హద్దు కలదన్న మాట. షికాగో ఆ హద్దులో మూడింట రెండు వంతుల దూరమున ఉన్నది.

ఇక దారి. మా బడిలో రంగు వెలిసిన పాత గ్లోబు ఒకటి ఉండెడిది. గోడ మీది పటమునకు అలవాటుపడిన పిల్లలను షికాగోకు దారి చూపుమన్నచో, వారి వ్రేలు అరేబియా సముద్రము దాటి, ఐరోపా దక్షిణపు అంచున నడచి, అట్లాంటిక్ మహాసముద్రమును అడ్డముగా ఈది, తిన్నగా పడమటికి పోవుచుండెను. పటము మీద అదియే తిన్నని గీత. అప్పుడు నేను గ్లోబు మీద హైదరాబాదు దగ్గర ఒక వ్రేలితోను, షికాగో దగ్గర ఒక వ్రేలితోను ఒక దారపు కొసలను అదిమిపట్టి, దారమును బిగించి లాగుమనెడివాడను. దారము బిగిసిన కొలది పడమటి సముద్రములను విడిచి జారి జారి ఉత్తరమునకు పోవుచుండెను. పిల్లల కన్నులు అప్పుడు విప్పారుటను చూచి తీరవలెను. బంతి వంటి భూమిని సరిగా రెండు సగములుగా కోసిన అంచు ఎట్లుండునో, ఆ మహావృత్తము వెంట పోవు దారియే రెండు ఊళ్ళ నడుమ అన్నిటికన్న పొట్టి దారి. పటము భూమిని చదునుచేసి చూపుటలో ఈ సత్యమును కప్పివేయుచున్నది.

ఆ దారము వెంట మనస్సులో ప్రయాణము చేయుదము. హైదరాబాదులో లేచిన దారి పడమటికి కాక, ఉత్తర దిక్కునకు కొద్దిగా ఎడమగా పోవును. మధ్యదేశపు పీఠభూములను దాటి, పంజాబు పొలముల మీదుగా, పామీరు పర్వతముల మంచు శిఖరముల మీదుగా, కజకస్థాన్ గడ్డి మైదానముల మీదుగా, రష్యాలోని ఉరల్ పర్వతముల మీదుగా సాగి, బారెంట్సు సముద్రము చేరును. అచ్చటి నుండి ఇంకను పైకి పోయి, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశము దగ్గర, ధ్రువమునకు పదకొండు డిగ్రీలు మాత్రమే ఎడముగా, కొండ కొన ఎక్కినవాని వలె ఒక్క క్షణము సమముగా నిలిచి, అటు తరువాత దిగుట మొదలిడును. గ్రీన్‌లాండు మంచు పలకలు, బాఫిన్ అఖాతము, హడ్సన్ అఖాతము, సుపీరియర్ సరస్సు, మిచిగాన్ సరస్సు. ఆ సరస్సు ఒడ్డుననే షికాగో. మన మామిడితోటల నుండి బయలుదేరిన దారి తెల్ల ఎలుగుబంట్లు తిరుగు సీమ మీదుగా పోయి కాని అమెరికాను చేరుట లేదన్న సంగతి నాకు ఇన్నేండ్ల తరువాతను ఆశ్చర్యమును కలిగించుచునే ఉన్నది.

విమానము ఈ దారమును అక్షరాల అనుసరించునని చెప్పుటకు లేదు. ఆనాటి గాలులను బట్టియు, యుద్ధముల చేతను కలతల చేతను మూసివేయబడిన ఆకాశములను బట్టియు, దారిలో ఆపద వచ్చినచో దిగుటకు అనువైన విమానాశ్రయములు ఎంత దూరమున ఉన్నవన్న నియమమును బట్టియు ప్రతిదినమును దారి కొంత మారుచుండును. ధ్రువ ప్రాంతములో ఇంకొన్ని చిక్కులు కూడ కలవు. సాధారణపు దిక్సూచి ముల్లు అక్కడ నమ్మదగినది కాదు. బయటి చలి ఎంతటిదనగా, సున్నకు దిగువ నలుబదియేడు డిగ్రీల దగ్గర గడ్డకట్టు విమాన ఇంధనము యొక్క ఉష్ణోగ్రతను పైలట్లు ప్రయాణము పొడుగునను కనిపెట్టుచుండవలెను. ఐనను ఆ దారి నడుచుచునే ఉన్నది. 2021 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచి, ఉత్తర ధ్రువ ప్రాంతము మీదుగా దాదాపు 14,000 కిలోమీటర్లు ఎచ్చటను ఆగక ఎగిరి, 11వ తేదీ వేకువను బెంగుళూరులో దిగిన ఎయిర్ ఇండియా విమానమును నడిపిన నలుగురును స్త్రీలే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వము వహించిన ఆ బృందములో కెప్టెన్ పాపగారి తన్మయి ఒకరు. మా బడిలో ఆడపిల్లలకు గ్లోబు మీద దారము పట్టుకొనుట నేర్పిన నాకు ఆ వార్త విన్ననాడు కలిగిన సంతోషము చెప్పనలవి కానిది.

ఇక రెండవ ప్రశ్న: ఎన్ని రాత్రులు?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పునప్పుడు ఒక మహాపురుషుని ప్రయాణము జ్ఞాపకమునకు రాక మానదు. 1893 ఫిబ్రవరి 13న స్వామి వివేకానంద సికింద్రాబాదులోని మహబూబ్ కళాశాలలో, తాను పాశ్చాత్య దేశములకు ఏల పోదలచినాడో వివరించుచు ఉపన్యసించినాడు. అప్పటికి ముప్పది ఏండ్ల పరివ్రాజకుడు. ఆ సంవత్సరము మే 31న బొంబాయిలో ఓడ ఎక్కి, కొలంబో, పెనాంగు, సింగపూరు, హాంకాంగు రేవులను దాటి, జపానులోని యొకొహామాలో మరొక ఓడ ఎక్కి, పసిఫిక్ మహాసముద్రమును దాటి, జూలై 25న కెనడాలోని వాంకూవరులో దిగి, అక్కడి నుండి రైలులో జూలై 30 నాటికి షికాగో చేరినాడు. బొంబాయి నుండి లెక్కించినను అరువది దినములు. ఆయన తూర్పుగా పోయినాడు. విమానపు దగ్గరి దారి ఉత్తరముగా పోవుచున్నది. చేరు ఊరు ఒక్కటే.

ఆ అరువది దినములు ఎట్లు కరిగినవో ముచ్చటగా రెండు మాటలలో చెప్పుదును. 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా చిన్న విమానములో టపా మూటలతో కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరినాడు. మన దేశమున టాటాల విమాన సేవలకు అది నాంది. మన హైదరాబాదు సంస్థానములో నిజాము ప్రభుత్వమును టాటాలును కలసి స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుండి డకోటా విమానములను నడిపినది. 1953లో విమాన సంస్థల జాతీయకరణము జరిగినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయినది. 1948 జూన్ 8న ‘మలబార్ ప్రిన్సెస్’ అను విమానము బొంబాయిలో లేచి, కైరోలోను జెనీవాలోను ఆగి, 10వ తేదీన లండను చేరినది. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరచినారు. 2021 జనవరి 15న హైదరాబాదు నుండి షికాగోకు, నడుమ ఎచ్చటను దిగకుండ, వారమునకు ఒక్కసారి పోవునట్లుగా, 238 ఆసనములు గల బోయింగు 777 విమానము తొలిసారి బయలుదేరినది. మన నగరము నుండి అమెరికాకు ఎచ్చటను ఆగని విమానము అదియే మొదటిది. ప్రయాణ కాలము పదహారున్నర గంటలకు కొంచెము పైన. అరువది దినములలో 1,440 గంటలు. దానిని పదహారున్నరతో భాగించి చూడుడు: ఎనుబదియేడు వంతులు.

ఇక్కడ నా విద్యార్థులు తప్పక అడుగు ప్రశ్న ఒకటి కలదు. “సార్, భూమి తన చుట్టు తాను తిరుగుచున్నది గదా, విమానము పైకి లేచి ఊరక నిలిచినచో షికాగోయే క్రిందికి రాదా?” తెలివిగల ప్రశ్న. హైదరాబాదు దగ్గర భూమి గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగముతో తూర్పునకు తిరుగుచున్నది. అది నేటి ఏ ప్రయాణీకుల విమానపు వేగము కన్నను ఎక్కువ. కాని కర్నూలు బస్సులో కూర్చున్న పిల్లవాడు బంతిని పైకి ఎగురవేసినచో అది వెనుక సీటులో పడునా? తిరిగి వాని చేతిలోనే పడును. ఏలననగా బంతికి బస్సు వేగము ముందే అబ్బినది. అట్లే గాలియు, గాలిలో ఉన్న విమానమును, విమానములోని మనుష్యులును భూమి వెంటనే తిరుగుచున్నారు. భూభ్రమణము మనలను మోయదు, అడ్డగింపదు.

మోయునదియు అడ్డగించునదియు గాలి. మేఘములకు పైన, నేలకు తొమ్మిది పది కిలోమీటర్ల ఎత్తున, సమశీతోష్ణ మండలములలో పడమటి నుండి తూర్పునకు ఒక గాలి నది ఎడతెగక ప్రవహించుచున్నది. చలికాలములో దాని వేగము గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటుట సామాన్యము. తూర్పునకు వచ్చువారు ఏటివాలున ఈదినట్లు వత్తురు. పడమటికి పోవువారు ఎదురీదవలెను. షికాగో దారి చాలవరకు ఉత్తర దక్షిణములుగా ఉన్నను, రెండు కొసలలో ఆ ప్రవాహమును దాటక తప్పదు. అందుచేతనే తిరుగు ప్రయాణము సుమారు ఒక గంట తక్కువ. గంటకు తొమ్మిది వందల కిలోమీటర్ల వేగమున 13,280 కిలోమీటర్లు పోవుటకు పదునైదు గంటలు చాలవలెను గదా అని లెక్క వేయువారు ఈ గాలులను, దారి వంకలను, లేచునప్పటి దిగునప్పటి నెమ్మదిని మరచుచున్నారు.

ఎచ్చటను ఆగని ఆ విమానము అందరికిని దొరకలేదు. దొరికినను వెల అందలేదు. ఎక్కువమంది దుబాయి వంటి చోట దిగి మరొక విమానము ఎక్కుదురు. హైదరాబాదు నుండి దుబాయి 2,550 కిలోమీటర్లు. అక్కడి నుండి షికాగో 11,640. మొత్తము 14,190. అనగా చుట్టు తిరిగినందుకు అదనముగా పడిన దారి తొమ్మిది వందల కిలోమీటర్లు మాత్రమే. విమానమునకు అది ఒక గంట పని. అలసట దారి వలన కాదు, నడుమ వేచియుండు గంటల వలన.

శ్రోతలారా, ఇంతవరకు నేను చెప్పినది విమానాశ్రయము నుండి విమానాశ్రయమునకు లెక్క. కాని ఎవరును విమానాశ్రయములో పుట్టలేదు. ప్రయాణము గడపలో మొదలై గడపలో ముగియును. కొత్తకోటలో మా అవ్వ గడప నుండి శంషాబాదుకు రమారమి నూట ఇరువది కిలోమీటర్లు: అడ్డాకుల, భూత్పూరు, జడ్చర్ల, బాలానగర్, షాద్‌నగర్, కొత్తూరు. రెండు గంటల దారి. విమానము లేచుటకు మూడు గంటలు ముందు చేరవలెను. అవతల దిగిన తరువాత ఆ దేశపు అధికారుల ముందు నిలువవలెను, పెట్టెలు తెచ్చుకొనవలెను, ఇల్లు చేరవలెను. ఎచ్చటను ఆగకుండ పోయినను ఒక పగలు, ఒక రాత్రి నిండును; దుబాయి మీదుగా పోయినచో ఇంకొక పూట. అందుకని అవ్వ రెండవ ప్రశ్నకు “ఒక్క రాత్రి అవ్వా, మహా అయితే ఒకటిన్నర” అని జవాబు చెప్పినాను. మా అడ్డాకుల పక్కననే గుడిబండ దగ్గర ఒక విమానాశ్రయము కట్టవలెనని రాష్ట్ర ప్రభుత్వము ఒకప్పుడు ప్రతిపాదించినది. అది నిజమైన నాడు అవ్వ వంటివారికి ఆ మొదటి రెండు గంటలు కూడ తగ్గునేమో.

గడప నుండి గడపకు లెక్కించునప్పుడు గుండె బరువెక్కించు మాట ఒకటి చెప్పక తప్పదు. ఈ ప్రయాణములో మిక్కిలి ప్రమాదకరమైన భాగము ధ్రువము మీది పదమూడు వేల కిలోమీటర్లు కాదు. మన వాకిటి ముందరి నూట ఇరువది కిలోమీటర్లు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున, బెంగుళూరు నుండి హైదరాబాదు పోవుచున్న బస్సు మా కొత్తకోట మండలములోని పాలెము దగ్గర కల్వర్టును గుద్దుకొని మంటలలో చిక్కుకొనగా, నిద్రలో ఉన్న నలుబదియైదుగురు ప్రాణములు కోల్పోయినారు. ఆ ఉదయమును మా ప్రాంతము ఎన్నటికిని మరువదు. పరదేశము పోవు పిల్లను సాగనంపుటకు ఊరంతయు కదలివచ్చుట మన ప్రేమ. కాని జీపుల నిండ, కారుల నిండ కిక్కిరిసి, రెండు రాత్రులు నిద్రలేని డ్రైవరును నమ్ముకొని, అర్ధరాత్రి తిరుగు ప్రయాణము చేయుట ఆ ప్రేమకు తగదు. విమానమును నడుపువారికి ఇన్ని గంటలు విశ్రాంతి తీసికొనవలెనన్న నియమము కలదు. పదహారు గంటల ప్రయాణమునకు ఇద్దరు కాక నలుగురు పైలట్లు వంతులవారీగా కూర్చుందురు. మన బండి నడుపువానికి ఆ నియమమును మనమే పెట్టవలెను. ఆ రాత్రి అక్కడనే ఎచ్చటనైన తలవాల్చి, తెల్లవారి బయలుదేరుడు. కోసులు ఎచ్చటికిని పోవు.

ఇక మూడవ ప్రశ్న: అక్కడ పొద్దు ఎచ్చటికి వచ్చినది?

మన భాషలో పొద్దు అన్న ఒక్క మాటలోనే సూర్యుడును ఉన్నాడు, కాలమును ఉన్నది. పొద్దు పొడిచినది అన్నచో సూర్యుడు. చాల పొద్దయినది అన్నచో కాలము. ఈ రెండును ఒక్కటే అని మన పెద్దలు ఎరిగినారు గనుకనే మాట ఒక్కటే చాలినది. భూమి ఒక గంటకు పదునైదు డిగ్రీలు తిరుగును. మన దేశపు గడియారములన్నియు తూర్పున మన కాకినాడ సమీపమున పోవు 82½ డిగ్రీల రేఖాంశమును బట్టి నడుచుచున్నవి. షికాగో గడియారము పడమటి 90 డిగ్రీల రేఖాంశమును బట్టి నడుచుచున్నది. రెండును కలిపినచో 172½. పదునైదుతో భాగించినచో పదకొండున్నర. అంత సేపు మనము వారికి ముందున్నాము. మార్చి రెండవ ఆదివారము నుండి నవంబరు మొదటి ఆదివారము వరకు వారు తమ గడియారములను ఒక గంట ముందునకు జరుపుకొందురు గనుక, ఆ నెలలలో తేడా పదిన్నర. ఇంకొక విశేషము: అమెరికాలో రైలు సంస్థలు ఊరికొక వేళగా ఉన్న గందరగోళమును తొలగించి ప్రామాణిక కాలమును ఏర్పరచుటకు 1883 అక్టోబరులో సమావేశమై నిర్ణయము చేసినది ఈ షికాగో నగరములోనే.

దీని వలన ప్రయాణీకునికి చిత్రమైన అనుభవము కలుగును. జనవరిలో మధ్యాహ్నము ఒంటిగంటకు హైదరాబాదులో లేచినవాడు పదహారున్నర గంటలు ఎగిరి, అదే దినము సాయంకాలము ఆరు గంటలకు షికాగోలో దిగును. క్యాలెండరు మీద అయిదే గంటలు గడచినవి. శరీరములో మాత్రము ఒక రాత్రి అంతయు గడచినది. నడుమ వాడు దాటిన ధ్రువ ప్రాంతములో జనవరి మాసమంతయు సూర్యుడు ఉదయించనే ఉదయించడు. జూన్‌లో పోయినవాని సంగతి ఇందుకు విరుద్ధము: అప్పుడు ధ్రువ సీమలో సూర్యుడు అస్తమించడు. కొత్తకోటలో సూర్యోదయము చూచి బయలుదేరినవాడు షికాగోలో సూర్యాస్తమయము చూచువరకు ఎడతెగని పాతిక గంటల పగలు అనుభవించును. కాని ఆ శరీరము మన నేల మీద పెరిగినది; మన కోడికూతకు లేచి, మన దీపాల వేళకు అలసి, మన నడిరేయికి నిద్రపోవుట నేర్చినది. దానిని విమానము తీసికొనిపోగలదు గాని దానిలోని పొద్దును తీసికొనిపోలేదు. ఒక్కొక్క గంట తేడాకు ఒక్కొక్క దినము చొప్పున లెక్కించుకొనవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. పది పన్నెండు దినముల తరువాత గాని మనిషి పూర్తిగా అక్కడికి చేరుట లేదన్న మాట. వివేకానందస్వామి అరువది దినములు ఓడలో పోయినాడు గనుక ఆయన పొద్దు కూడ ఆయన వెంట మెల్లమెల్లగా జరుగుచు పోయినది. మనకు దక్కిన వేగము ఆయనకు లేదు. ఆయనకు దక్కిన ఆ నెమ్మది మనకు లేదు.

దూరము ఎన్ని గంటలు తగ్గినను తగ్గని కొలత ఒకటి మన ఊళ్ళలో కలదు. కడసారి చూపునకు అందునా, అందదా అన్నదే ఆ కొలత. బొంబాయిలో కూలి చేయు కొడుకునకు తంతి పోయిన కాలములో, అది ముట్టి, వాడు బయలుదేరి, బస్సు మారి వచ్చేసరికి తండ్రి చితి చల్లారి ఉండెడిది. నేడు షికాగోలోని కూతురునకు కబురు అరనిమిషములో ముట్టును. కాని అక్కడ అది నడిరేయి. టిక్కెట్టు దొరకవలెను, సెలవు దొరకవలెను, తిరిగి పోవుటకు కాగితములు సరిగా ఉన్నవో లేవో చూచుకొనవలెను. ఇక్కడ పొద్దుగూకక మునుపే అంతయు కావలెనని పెద్దలు తొందరపడుదురు. శ్రోతలారా, అటువంటి వేళ పరదేశములో ఉన్న బిడ్డ రాలేకపోయినచో ‘పదహారు గంటల దారి గూడ రాలేదు’ అని నిష్ఠురముగా మాటలాడకుడు. గంటలు విమానమువి. పొద్దు ఎవరిదియు కాదు. వీలైనచో ఒక్క రాత్రి ఆగుడు. ఫ్రీజరు పెట్టెలు ఇప్పుడు మండల కేంద్రములలో కూడ దొరకుచున్నవి. వీలుకానిచో ఆ బిడ్డ దుఃఖమును కూడ మన దుఃఖములో కలుపుకొనుడు.

మా అవ్వ కథతో ముగించుదును. ఆమెకు నేను పదకొండున్నర గంటల లెక్క విడమరచి చెప్పినాను. ఆమె విన్నది గాని గడియారము జోలికి పోలేదు. తూర్పు ముఖముగా ఉన్న ఆమె ఇంటి ముందర ఒక వేపచెట్టు ఉన్నది. పొద్దు పొడవగానే దాని నీడ వాకిలి పొడుగునను సాగి గడప దాటి లోనికి పోవును. పొద్దెక్కిన కొలది వెనుకకు జరుగును. ఆ నీడ గడప విడిచి వాకిట్లోకి దిగినదనగా సుమారు ఏడు గంటలు. అక్కడ మనుమరాలు ఉద్యోగము నుండి ఇల్లు చేరి దీపము వెలిగించు వేళ. అవ్వ అప్పుడు ఫోను చేయించును. వంట చేయుచు ఆ పిల్ల మాటలాడును. ఊడ్చిన వాకిట్లో కూర్చొని ఈమె మాటలాడును.

పోయిన మార్చిలో ఒకనాడు మనుమరాలు, రేపటి నుండి మా గడియారములు గంట ముందుకు జరుగును, ఫోను కూడ గంట ముందు చేయుమని చెప్పినదట. అవ్వ మా అరుగు మీదికి వచ్చి ఆ మాట చెప్పి, “గడియారం జరుపుకుంటె జరుపుకోని సారూ. పొద్దును జరిపెటోడు యాడున్నడు? నా నీడ దిగినప్పుడే నేను జేస్త” అన్నది.

మరునాటి ఉదయము నేను కావలెనని చూచితిని. నీడ గడప దిగినది. అవ్వ ఫోను అందుకొన్నది. అవతల గడియారములో వేళ మారినది గాని, పిల్ల పొయ్యి దగ్గరనే ఉన్నదట. అవ్వ చేయువేళకే పొయ్యి వెలిగించుకొనుట ఆమెకు అలవాటైనదట. నాలుగు వేల నూట పాతిక కోసుల నడుమ ఆ ఇద్దరును ఒక వేళను కుదుర్చుకొన్నారు. మీ ఇండ్లలో కూడ అటువంటి వేళ ఒకటి కుదుర్చుకొనుడని కోరుచున్నాను.